గుర్రం మోసిన కొసరు

ఉదయం తొమ్మిదీ పావుకి బాబాయి కళ్ళజోడుని పిన్ని తుడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. బాబాయి పోయి అప్పటికి వారం దాటింది. రోజూ ఆ వేళకి ఆయన పేపరు చేతిలోకి తీసుకునేవాడు కనుక ఆమె చెయ్యి దానంతట అదే ఆ పని చేసింది. చేశాక, తర్వాత చేయాల్సింది ఏమీ లేదని గుర్తొచ్చి, వచ్చి నా పక్కన కూర్చుంది. మేమిద్దరం ఏడవలేదు. ఏడ్చేవాళ్ళు అంతకుముందే వచ్చి వెళ్ళారు. పెద్దకర్మకి వంటవాళ్ళతో మాట్లాడటం అయింది, షామియానా మనిషి వచ్చి వాకిలి కొలుచుకుని వెళ్ళాడు.

"నిన్నొకటి అడగాలమ్మాయ్" అంది పిన్ని. "గుర్రం ఏంటి?"

"ఏ గుర్రం?"

"ఆస్పత్రిలో నాలుగుసార్లు అడిగారు, గుర్రానికి నీళ్ళు పెట్టారా అని. మందుల మత్తు అన్నాడు డాక్టరు. నేనూ అలాగే అనుకుని, పెట్టామండీ అన్నాను. అంటే నిద్రపోయేవారు. అసలు మనింట్లో ఎప్పుడన్నా గుర్రం ఉందా?"

ఉంది. పెళ్ళయి అరవై ఏళ్ళకి దగ్గరపడిన మనిషికి ఆ సంగతి తెలియకపోవడం నాకు ముందు ఆశ్చర్యంగా అనిపించింది. కాసేపటికి అనిపించలేదు. బాబాయి ఏ సంగతీ దాచే మనిషి కాదు, అడగని సంగతి చెప్పే మనిషీ కాదు. గుర్రం ఉండేదా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. మా ఇంట్లో ఆ గుర్రాన్ని చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే కనుక ఆమెకి నేనే చెప్పాను. ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది మామిడికాయల వ్యాపారం. నూజివీడులో మా ఇంటికి ముందు భాగం మండీ, వెనక భాగం కాపురం. రెండింటికీ మధ్య గోడ ఉండేది గానీ ఎండాకాలంలో ఆ గోడని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. ఉగాది దాటిన కొన్నాళ్ళనించి తొలకరి దాకా పడగ్గదుల్లో కూడా వరిగడ్డి పరిచి కాయలు మగ్గేసేవాళ్ళు. పిల్లలం వసారాలో పడుకునేవాళ్ళం, కాయలు మా మంచాల చోట పడుకునేవి. ముందు పచ్చికాయ జీడి వాసన వచ్చేది, తర్వాత గడ్డి వేడెక్కిన వాసన, ఆ తర్వాత రసాల తీపి. ఆ తీపి ముదిరి పులుపుకి తిరిగే వేళకి వానలు పడేవి. పై ఊళ్ళనించి వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే ఆగి, ఎంత బాగుందో వాసన అనేవాళ్ళు. "రెండు నెలలుండు, తెలుస్తుంది" అనేది నాయనమ్మ. పండు తిన్న చేత్తో తలుపు ముట్టుకోకూడదు, జీడి మరకైన గుడ్డ మంచి గుడ్డలతో కలపకూడదు, అరుగు మీద టెంక వదలకూడదు. నాయనమ్మ నియమాల్లో సగం మామిడికాయల బారినించి మమ్మల్ని కాపాడటానికి, తక్కిన సగం మా బారినించి మామిడికాయల్ని కాపాడటానికి.

ఆ రోజుల్లో కాయల్ని తూచేవాళ్ళు కాదు, లెక్కపెట్టేవాళ్ళు. ఒక్కో చేత్తో రెండేసి కాయలు, రెండు చేతులకీ కలిపి నాలుగు. ఆ నాలుగుని పుంజీ అనేవాళ్ళం. మా తాతయ్య రాశి ముందు గొంతుకూర్చుని రెండు చేతులూ ఒకేసారి కాయల్లోకి పోనిచ్చి, ఒకేసారి బుట్టలో వదిలేవాడు. మొదటి పుంజీకి ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు అనుకుంటూ పదిదాకా వెళ్ళేవాడు. పది పడగానే నోరు ఆగేది, చేతులు ఆగేవి కావు. ఇంకో పుంజీ పడేది. అది కొసరు. దానికి అంకె లేదు, అది లెక్కలోకి రాదు. కొసరు ఎందుకు వేస్తారని ఒకసారి అడిగాను. దెబ్బ తగిలిన కాయలు ఒకటీ అరా ఉంటాయి కనుకనా, లేకపోతే లాభం పేరు చెప్పి మొదలుపెట్టాం కనుక చివర కొంచెం వదులుకోవాలనా అని నాకు తోచిన కారణాలు కూడా చెప్పాను. తాతయ్య విన్నాడు. "వేస్తారు" అన్నాడు.

ఆయన చేత్తో వేసిన బుట్టని ఊళ్ళో ఎవరూ మళ్ళీ లెక్కపెట్టుకునేవాళ్ళు కాదు. అలాగే కుట్టేసి లారీ ఎక్కించేవాళ్ళు. మద్రాసులో విప్పేవాళ్ళు కూడా శెట్టిగారి బుట్ట అంటే లెక్కపెట్టరని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. అది నిజమో కాదో చూడటానికి మాలో ఎవరూ మద్రాసు వెళ్ళలేదు. ఇంట్లోనూ ఆయనది అదే చెయ్యి. ఇడ్లీలు వడ్డించేటప్పుడు నాలుగు వేసి, ఇంకొకటి వేసేవాడు. వద్దు తాతయ్యా అంటే వినపడనట్టు పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఇక గుర్రం. జమీందారీలు రద్దయ్యాక దివాణం లాయంలోని గుర్రాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. దివాణం తోటల కాయ కొన్న పరిచయం వల్ల ఒక ఎర్ర ఆడగుర్రం మా ఇంటికి చేరింది. తోటలు తిరిగి చూసుకోవడానికి పనికొస్తుందని తాతయ్య ఉద్దేశం. గుర్రం ఎక్కడం ఇంట్లో ఎవరికీ రాదన్న సంగతి అది వచ్చి పాకలో నిలబడ్డాక గుర్తొచ్చింది. మా ఇళ్ళలో మగవాళ్ళు గుర్రమెక్కేది పెళ్ళి ఊరేగింపులో ఒక్కసారి, అదీ చెరో పక్కనా ఒకరు పట్టుకుంటే. తాతయ్య వయసు దాటిపోయింది. మా నాన్న దాని వెనక కాళ్ళు చూసి, తనకి మండీలో పని ఉందన్నాడు. మిగిలింది బాబాయి. బాబాయి ఎస్సెల్సీ రెండుసార్లు తప్పి, మండీలో గడ్డి పరిచే పని చూస్తుండేవాడు. అతను లాయంలో పనిచేసి మానేసిన ఒక ముసలాయన ఇంటికి రోజూ వెళ్ళి, ఆ ఎండాకాలం అయ్యేలోపు స్వారీ నేర్చుకున్నాడు. అంతకుముందు బాబాయి ఏదైనా నేర్చుకున్నట్టు ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు.

దివాణంలో దానికి ఏదో ఇంగ్లీషు పేరు ఉండేదట. మేం గుర్రం అనే అనేవాళ్ళం. ఒక్కటే ఉంది కనుక సరిపోయేది. బాబాయి మాత్రం "ఏమే" అని పిలిచేవాడు. తెల్లవారుతూనే దానికి ముందు నీళ్ళు, తర్వాత ఉడికించిన ఉలవలు. ఉలవలు ఉడికిన నీళ్ళు నాయనమ్మ వంచుకుని చారు కాచేది. ఆ గుర్రం ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఉలవచారుకి లోటు రాలేదు. గుర్రం పక్షాన నాయనమ్మ చెప్పే మంచి మాట అదొక్కటే. బాబాయి ఇంట్లో అందరితో కలిపి రోజుకి పది మాటలు మాట్లాడేవాడో లేదో. పాకలోంచి మాత్రం చాలాసేపు ఆయన గొంతు వినపడుతుండేది. ఒకసారి తడికె ఇవతల నిలబడి విన్నాను. మండీకి ఎవరొచ్చారు, ఏ తోట పూత మాడిపోయింది, ఇవాళ ఏం కూర, అన్నీ వరసగా చెబుతున్నాడు. "గుర్రానికి పేపరు చదువుతున్నాడు" అనేవాడు నాన్న.

కొన్నేళ్ళకి బస్సులు వచ్చాయి. ముసునూరుకి ఒకటి, చింతలపూడికి ఒకటి. తోటలు చూడటానికి తాతయ్య బస్సులో వెళ్ళి, అవతల ఎవరి సైకిలు వెనకో కూర్చునేవాడు. గుర్రానికి పని లేకుండా పోయింది. హనుమాన్ జంక్షన్‌లో జట్కా తోలే మస్తాన్ గుర్రం చచ్చిపోయిందని తెలిసి, తాతయ్య అతనికి కబురుపెట్టాడు. మస్తాన్ వచ్చి గుర్రం పళ్ళూ గిట్టలూ చూసి, మజ్జిగ తాగి, మీరెప్పుడంటే అప్పుడేనండీ అని వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం బాబాయి మండీలోకి వచ్చి తాతయ్య ఎదురుగా నిలబడ్డాడు. నేను బుట్టల్లో వేపాకు వేస్తున్నాను.

"క్లబ్బువాళ్ళు గుర్రప్పందెం పెడుతున్నారు నాన్నా."

"పెట్టనీ."

"మన గుర్రం గెలిస్తే?"

"గెలిస్తే ఏంటి?"

"ఉంచుదాం."

తాతయ్య భుజం మీది తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. బేరంలో ఆఖరి మాట చెప్పబోయే ముందు ఆయన అలా చేసేవాడు.

"గెలిస్తే చచ్చిపోయేదాకా మన పాకలోనే ఉంటుంది. నేను మాట్లాడను. గెలవకపోతే సోమవారం మస్తాన్ వస్తాడు. నువ్వు మాట్లాడకూడదు."

"మాట్లాడను."

లోపల్నించి నాయనమ్మ అంది: "గెలిస్తే దాన్ని మేపాలి, ఓడితే వీణ్ణి బతిమాలాలి. నాకు రెండూ ఒకటే."

ఆ పందెం పెట్టిన క్లబ్బు పేకాట క్లబ్బు. వాళ్ళలో ఒక ప్లీడరుగారు మద్రాసులో రెండుసార్లు గుర్రప్పందేలు చూసి వచ్చారు కనుక నియమాలు ఆయన రాశారు. చింతలపూడి దగ్గర పొలం కొనుక్కుని ఉంటున్న ఒక రిటైరైన కెప్టెన్ గారిని జడ్జిగా పిలిచారు. మిలిటరీ మనిషి కనుక గుర్రాలు తెలిసి ఉంటాయనుకున్నారు. ఆయన సర్వీసంతా లారీలతో గడిచిందని తర్వాత తెలిసింది. మంచి గుర్రం మీద ఎక్కువ బరువు పెట్టి పరిగెత్తించాలని, అప్పుడే పోటీ సమానంగా ఉంటుందని ప్లీడరుగారు చెప్పారు. బరువుకి ఏం పెట్టాలి? ఇసుక కారిపోతుంది. తూకం రాళ్ళు పక్కలకి కొట్టుకుంటాయి. కమిటీలో సగంమంది మా మండీల వాళ్ళే కనుక, మామిడికాయలు పెడదాం అన్నారు. ఎవరూ నవ్వలేదు. కాయ ఎంత బరువుంటుందని కెప్టెన్ గారు అడిగారు. పుట్టిన దగ్గర్నించీ కాయల మధ్య పెరిగినవాళ్ళంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామిడికాయని తూచాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆఖరికి ఒకే తోట బంగినపల్లి కాయలు, ఒకే సైజువి తెస్తే లెక్క చాలునని తేల్చారు.

దివాణం గుర్రం కనుక మాదానికి నలభై కాయలు. రైసుమిల్లు ప్రకాశరావుగారి గుర్రానికి ఇరవై. మిగతా గుర్రాలకి ఏమీ అక్కర్లేదని వాటిని చూసిన ఎవరైనా చెప్పేవాళ్ళు. దారిలో కాయలు పారేసి బరువు తగ్గించుకుంటారేమోనని ఇంకో నియమం పెట్టారు. పందెం ముందు ఎవరి కాయలు వాళ్ళే లెక్కపెట్టి సంచుల్లో వేసుకోవాలి. పందెం అయ్యాక కెప్టెన్ గారు లెక్కపెడతారు. తేడా వస్తే ఆ గుర్రం పోటీలో లేనట్టే. తేడా అంటే తక్కువ రావడమని అందరూ అనుకున్నారు.

పందెం ఆదివారం. పొద్దున్నే మండీలో నేను సంచి మూతి తెరిచి పట్టుకున్నాను. నాయనమ్మ పాత టార్పాలిను కోసి కుట్టిన రెండు సంచులవి, గుర్రానికి చెరో పక్కనా వేలాడేలా మధ్యలో పట్టీతో కలిపి కుట్టింది. లెక్క నేనే పెడతాను అన్నాడు తాతయ్య. మామూలుగా కూర్చున్నాడు, మామూలుగా మొదలుపెట్టాడు. లాభం, రెండు, మూడు. అయిదు పుంజీలు ఒక సంచిలో, అయిదు రెండో సంచిలో. పది అన్నాక నోరు ఆగింది, చేతులు రాశిలోకి వెళ్ళి వచ్చాయి, ఈ సంచిలో రెండు, ఆ సంచిలో రెండు పడ్డాయి. నేను చూశాను. పడకపోతే అప్పుడు గమనించేదాన్నేమో. బాబాయి వాకిట్లో గుర్రం నడుముకి పట్టీ బిగిస్తున్నాడు.

ముసునూరు రోడ్డులో ఎండిపోయిన ఒక చెరువులో పందెం. మేం ఎడ్లబండిలో వెళ్ళాం. నాయనమ్మ పులిహోర, పెరుగన్నం, మజ్జిగ కుండ సర్దింది. ఊరగాయ జాడీ కూడా తెచ్చింది. పందెం చూడనని చెప్పి, గట్టు మీద తోట నీడలో చెరువుకి వీపు పెట్టి కూర్చుంది. జనం బాగానే వచ్చారు. కాయ కోతలు చివరికి వచ్చాయి కనుక తోటల్లో పనిచేసేవాళ్ళూ వచ్చారు. గెలిచిన గుర్రానికి ఇచ్చే వెండి కప్పుని బల్ల మీద పెట్టి, ఈగలు వాలకుండా దాని మీద తువ్వాలు కప్పారు. మస్తాన్ కూడా వచ్చాడు. నాయనమ్మ అతనికీ ఆకు వేసింది.

"నువ్వు ఏం కోరుకుంటున్నావు మస్తానూ?" అని అడిగింది.

"గెలవాలనేనమ్మా. మంచి గుర్రం."

"గెలిస్తే నీకు గుర్రం ఉండదుగా?"

"ఉండదమ్మా" అన్నాడు మస్తాన్. పులిహోర మళ్ళీ వేయించుకున్నాడు.

మొత్తం అయిదు గుర్రాలు. రెండు బస్టాండు జట్కా గుర్రాలు. అవి ఒకదానికొకటి అలవాటు, విడిగా నిలబెడితే నిలబడలేదు, పక్కపక్కనే నిలబెట్టాల్సి వచ్చింది. ఒకటి పెళ్ళి ఊరేగింపుల గుర్రం. బ్యాండు వాయిస్తేనే కదులుతుందని దాని యజమాని బ్యాండువాళ్ళని కూడా తెచ్చుకున్నాడు. తుపాకీ పేలింది, బ్యాండు మోగింది, ఆ గుర్రం కదిలింది. పెళ్ళికొడుకుని మోసే నడకతోనే కదిలింది. మిగతావి ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అది ఇంకా మా ముందే ఉంది. జట్కా గుర్రాలు రెండూ కలిసే పరిగెత్తి, కలిసే గట్టెక్కి రోడ్డు వైపు వెళ్ళిపోయాయి. రెండో చుట్టుకి మాదీ మిల్లుదీ మాత్రం ఉన్నాయి. నాకు కనిపించింది చాలావరకు దుమ్ము. దుమ్ములో ముందు ఎర్రగా ఏదో వచ్చింది, అది మా గుర్రం. బాబాయి ముఖం మట్టికొట్టుకుపోయి, పళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. బాబాయి పళ్ళు బయటపెట్టి నవ్వడం నేను చూసింది అప్పుడే. నాయనమ్మ అప్పటికే చెరువు వైపు తిరిగి నిలబడి ఉంది. ఎప్పుడు తిరిగిందో నేను చూడలేదు.

సంచులు విప్పి గోనె మీద పోశారు. కెప్టెన్ గారు కుర్చీలోంచి వంగి, చూపుడువేలుతో ఒక్కొక్క కాయనీ తాకుతూ లెక్కపెట్టారు. ఒక్కొక్క కాయ లెక్కపెట్టే మనిషిని మా వాళ్ళు ఎప్పుడూ చూడలేదు. మర్యాదగా ఓపిక పట్టారు. ఆయన నలభై దగ్గర ఆగారు. గోనె మీద ఇంకా నాలుగు ఉన్నాయి.

"శెట్టిగారూ, నలభై అన్నారు. నలభై నాలుగున్నాయి."

"నలభయ్యేనండీ" అన్నాడు తాతయ్య.

"మరి ఇవి?"

"కొసరండీ."

"అంటే?"

తాతయ్యకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. పక్కనున్న మండీ ఆయన సాయానికి వచ్చి, "కొసరంటే కొసరేనండీ. లెక్కలో రాదు" అన్నాడు.

"ఇక్కడ కనపడుతున్నాయి కదండీ."

"కనపడతాయండీ. రావు."

మిల్లు గుర్రం ఎక్కినతను ప్రకాశరావుగారి బావమరిది. అతను ముందుకొచ్చి, "తేడా వస్తే తీసెయ్యాలని రాశారుగా? తక్కువైనా ఎక్కువైనా తేడా తేడాయే" అన్నాడు.

"ఎక్కువ బరువు మోసి గెలిచిందయ్యా, తెలుస్తోందా?" అన్నాడు మండీల వాళ్ళలో ఒకాయన.

"అసలు నీ సంచిలో కొసరేదయ్యా?" అన్నాడు ఇంకొకాయన. "ఇరవైకి ఇరవయ్యే వేసుకొచ్చాడు చూడండి. అదండీ తక్కువ లెక్క. దాన్ని తీసెయ్యండి."

ఆ మాటకి మండీల వాళ్ళంతా నిజమే అన్నారు. మిల్లు వైపు వాళ్ళు బియ్యానికి కొసరేంటన్నారు. కెప్టెన్ గారు టోపీ తీసి తల తుడుచుకున్నారు. ఆయన మంచివాడు. గెలిచిన గుర్రం ఏదో ఆయనా చూశారు. కుర్చీలోంచి లేచి తాతయ్య దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పారు. నేను తాతయ్య పక్కనే ఉన్నాను.

"శెట్టిగారూ, ఒక పని చేద్దాం. లెక్కలో పొరపాటు పడ్డానని ఒక్క మాట చెప్పండి. పొరపాటుకి నియమాల్లో శిక్ష ఏమీ రాయలేదు. నేను చూసుకుంటాను. కప్పు మీదే."

తాతయ్య గోనె మీది కాయల వైపు చూశాడు. బాబాయి కళ్ళెం పట్టుకుని రెండడుగుల దూరంలో ఉన్నాడు. గుర్రం చెమటతో నల్లబడి ఉంది, డొక్కలు ఎగరేస్తోంది.

"నాన్నా" అన్నాడు బాబాయి.

"పొరపాటు పడలేదండీ" అన్నాడు తాతయ్య. "వేశాను."

"ఊరికే మాట వరసకి చెప్పండి. ఎవరూ ఏమీ అనుకోరు."

"తప్పు లెక్క పెట్టానని ఇంతమందిలో నేనే చెబితే, రేపట్నించి నా బుట్ట విప్పి చూసుకోకుండా ఎవరు తీసుకెళ్తారండీ?"

అంతదాకా అరిచిన మండీల వాళ్ళు ఆ మాటతో ఊరుకున్నారు. వాళ్ళలో ఒక్కరూ, చెప్పెయ్యండి శెట్టిగారూ, అనలేదు. కెప్టెన్ గారు టోపీ పెట్టుకుని, అయితే నా చేతుల్లో లేదండీ అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. వెండి కప్పు మీది తువ్వాలు తీసి, మిల్లు వాళ్ళకిచ్చారు. ప్రకాశరావుగారు దాన్ని తీసుకుంటూ తాతయ్యకి నమస్కారం పెట్టారు. తాతయ్యా పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో నాయనమ్మ, "నాలుక్కాయలు తీసి నా చేతికిచ్చుంటే పప్పులో వేసేదాన్నిగా" అంది. ఇంటికొచ్చాక మా నాన్న, తాతయ్యకి ఎదురు చెప్పే అలవాటు లేని మనిషి, ఉండబట్టలేక అడిగాడు.

"నాన్నా, గుర్రం గెలిచింది. అందరూ చూశారు."

"ఇవ్వలేదుగా."

"మీరొక్క మాట చెప్పుంటే ఇచ్చేవాళ్ళు."

"చెప్పలేదుగా" అన్నాడు తాతయ్య. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు.

సోమవారం మస్తాన్ వచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు గానీ ఎందుకొచ్చాడో చెప్పలేదు. బాబాయి అప్పటికే గుర్రాన్ని కడిగి, జూలు దువ్వి ఉంచాడు. రోడ్డు దాకా తనే నడిపించుకెళ్ళి, తాడు మస్తాన్ చేతికిచ్చాడు. "పొద్దున్నే ముందు నీళ్ళు పెట్టు. ఉలవలు ముందు పెడితే తర్వాత నీళ్ళు తాగదు" అన్నాడు. సరే బాబూ, అటొచ్చినప్పుడు చూసుకుని వెళ్ళండి, అన్నాడు మస్తాన్. మాట్లాడనని తాతయ్యకి ఇచ్చిన మాట బాబాయి నిలబెట్టుకున్నాడు. తాతయ్యతో ఆ గుర్రం గురించి ఆ రోజూ మాట్లాడలేదు, తర్వాత ఆయన బతికున్నన్నాళ్ళూ మాట్లాడలేదు.

అదే రోజు మధ్యాహ్నం మండీలో లారీకి బుట్టలు నింపుతున్నారు. నేను తాతయ్య ఎదురుగా బుట్ట పట్టుకున్నాను. లాభం, రెండు, మూడు. పది అన్నాక చేతులు రాశి మీద ఆగాయి. ఎప్పుడూ ఆగనివి ఆగేసరికి నేను తలెత్తాను. ఆయన పాక వైపు చూస్తున్నాడు. మండీలో కూర్చుంటే పాక కనపడదు, మధ్యలో గోడ ఉంది. తర్వాత చేతులు రాశిలోకి వెళ్ళి పుంజీ తెచ్చి వేశాయి. "బుట్ట సరిగ్గా పట్టుకో" అన్నాడు. నేను సరిగ్గానే పట్టుకున్నాను.

ఆ తర్వాత బాబాయికి హనుమాన్ జంక్షన్‌లో తరచు పని పడేది. ఏం పనో ఎవరూ అడగలేదు. ఒకసారి నన్ను బెజవాడ బస్సు ఎక్కించడానికి తీసుకెళ్ళాడు. బస్సుకి ఇంకా టైముందని మస్తాన్ జట్కా ఎక్కాం. నన్ను వెనక కూర్చోబెట్టి తను మస్తాన్ పక్కన కూర్చున్నాడు. లారీల మధ్యలోంచి రోడ్డు వెంట కొంతదూరం వెళ్ళి తిరిగి వచ్చాం. గుర్రం బాబాయిని గుర్తుపట్టిందా అంటే చెప్పలేను, నాకు గుర్రాల ముఖాలు చదవడం రాదు. దిగేటప్పుడు బాబాయి దాని మెడ మీద చెయ్యి వేసి ఏమీ అనకుండా తీసేశాడు. చుట్టూ జనం ఉన్నారు. కొన్నాళ్ళకి జంక్షన్‌లో రిక్షాలు వచ్చాయి. మస్తాన్ గుడివాడ వైపు వెళ్ళిపోయాడని చెప్పారు. గుర్రం సంగతి వాళ్ళు చెప్పలేదు, బాబాయి అడగలేదు.

తాతయ్య పోయాక రాశి ముందు బాబాయి కూర్చున్నాడు. లాభంతో మొదలుపెట్టేవాడు, పది తర్వాత కొసరు వేసేవాడు. ఆయన బుట్టలు కూడా ఎవరూ విప్పి చూసుకునేవాళ్ళు కాదు. నా పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒక సెలవుల్లో ఆయన్ని అడిగాను, తాతయ్య ఆ రోజు ఆ ఒక్క మాట చెప్పుంటే బాగుండేది కదూ అని. "చెప్పుంటే గుర్రం ఉండేది" అన్నాడు. మళ్ళీ తనే, "చెప్పలేదు" అన్నాడు. తప్పుపట్టాడో ఒప్పుకున్నాడో ఆ గొంతులో నాకు దొరకలేదు.

ఇదంతా విని పిన్ని కిటికీ గట్టు మీది కళ్ళజోడు వైపు చూసింది.

"నాతో ఎప్పుడూ ఒక్క అబద్ధం చెప్పలేదమ్మా ఆయన" అంది. "కాఫీ బాగోకపోతే బాగోలేదనేవారు. కాపురానికొచ్చిన కొత్తలో ఏడ్చేదాన్ని."

"ఊఁ."

"నేను పెట్టామన్నాను. గుర్రానికి నీళ్ళు. అబద్ధమేగా?"

"అబద్ధమే."

"తప్పంటావా?"

"నిద్రపోయాడన్నావుగా పిన్నీ."

"పోయారు. అడగడం, నేను పెట్టామనడం, కళ్ళు మూసుకోవడం. నాలుగుసార్లూ అంతే." ఆమె లేచి వెళ్ళి కిటికీ గట్టు మీది కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టి మూసింది.

పెద్దకర్మ భోజనాలకి పళ్ళు కావాలి కనుక సాయంత్రం నేనే మార్కెట్టుకి వెళ్ళాను. కుర్రాడు ప్లాస్టిక్ ట్రేని కరెంటు త్రాసు మీద పెట్టాడు. ఎర్ర అంకెలు కాసేపు కదిలి ఆగాయి. కొంచెం ఎక్కువ చూపిస్తే ఒక పండు తీసి, చిన్నది వేసి, సరిచేశాడు. "తూకం కరెక్టండీ, చూస్కోండి" అన్నాడు. కరెక్టుగానే ఉంది. నాకు ఫిర్యాదు ఏమీ లేదు. ఆ త్రాసు తాతయ్య చేతులకన్నా సరిగ్గా చూపిస్తుంది, పొరపాటు పడ్డానని చెప్పమని దాన్ని ఎవరూ అడగరు. పక్క దుకాణంలోనూ త్రాసే, ఆ పక్కనా త్రాసే. నూజివీడులో ఇప్పుడు మామిడికాయలు చేత్తో లెక్కపెట్టరు. కొసరు వెయ్యరు.